వాననీళ్లు తాగిన బ్యాటరీలు

బోడసకుర్రు రేవులో ఏరు దాటించే పంటు కదులుతుండగా గెంతి ఎక్కేడు పాపారావు. ఓడలరేవు దగ్గర డ్రిల్లింగు క్యాంపులో స్టోరు గుమాస్తా, చంకలో ఫైలు. ఎవరికోసం రాజోలు దాకా పోవాలో ఆ మనిషే పంటు మీద సైకిలు పట్టుకు నిలబడి ఉన్నాడు. జీవరత్నం. క్యాంపు బ్యాటరీలు ఆరేళ్లు చూసినవాడు. వారం కిందట గేటు బయటికి గెంటేరు.

జనరేటరు ఆగితే దీపాలూ సైరనూ ఆ బ్యాటరీల మీదే నిలవాలి. సముద్రపు గాలికి తలుపు గడియలు కూడా పొరలు పొరలుగా రాలిపోయే చోటు. బ్యాటరీలతో వచ్చిన సీమ పుస్తకాల్లో ఆ గాలి ఊసే లేదు. జీవరత్నం రోజూ తుడిచి, వాజలైను రాసి పసిపిల్లల్లా సాకేడు. వాటిలో పోసే డిస్టిల్డు వాటరు డబ్బాలు రాని వానాకాలంలో నాలుగు రాటలకి ఉతికిన పంచె కట్టి, నడుమ గులకరాయి వేసి, సీసాల్లోకి వాననీళ్లు పట్టేడు. నూతినీళ్లకి పప్పు ఉడకదని ఆ తీరాన ఆడవాళ్లు చేసే పనే అది.

కొత్తగా వచ్చిన ఆఫీసరు ఇదేం వంటిల్లా అని నవ్వేడు. సీసాలు పారబోయించి, క్యాంపు నూతినీళ్లు పొయ్యమన్నాడు. అందరూ తాగే నీళ్లకి వంకేమిటన్నాడు. చదువు తలకెక్కితే నాలిక చచ్చిపోతుంది కాబోలు! ఆ నీళ్లలో ఉప్పుందని పశువుకీ తెలుసు.

రెండు నెలలకి, ముసురు పట్టిన సాయంత్రం జనరేటరు ఆగింది. దీపం వెలగలేదు, సైరను మోగలేదు. నిచ్చెన జారి సాలమోను అనే కూలీకి కాలు విరిగింది. తప్పు జీవరత్నం మీద పడింది, ఆఫీసరు మాత్రం కుర్చీలోనే ఉన్నాడు.

ఫైల్లో ఒకటే కాగితం. బ్యాటరీల్లో నీళ్లు పొయ్యడం నేనే మరిచేను, అని. కింద జీవరత్నం సంతకానికి ఖాళీ.

"పెట్టెయ్యి బాబాయ్. మళ్లీ పన్లోకి తీసుకుంటామంటున్నారు."

జీవరత్నం రెండుసార్లు చదివేడు. "ఆయ్. మనకి ఉప్పు లేందే ముద్ద దిగదు. బ్యాటరీకి ఉప్పు తగిల్తే ప్రాణం పోద్ది. ఈ మాట నేను ఆయనతో అన్నప్పుడు పక్కనెవరున్నారండీ, పాపారావు గారూ?"

మొన్నటిదాకా ఒరే అబ్బాయ్ అన్న నోరది. పాపారావు తల వంచుకున్నాడు. ఆ సీసాలు పారబోసింది తన చేతులే.

ఆ రోజు విన్నది కాగితం అడుగున రాయమన్నాడు జీవరత్నం. రాస్తే దాని కింద తానూ సంతకం పెడతాడట. పాపారావు పెన్ను మూత తీసేడు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఇలాంటి భయాలనే దిమ్మలుగా పోసుకుని కంపెనీలు నిలబడతాయి, ఎన్ని తుఫాన్లొచ్చినా.

పంటు ఒడ్డు తాకింది. పెన్ను తెరిచే ఉంది, కాగితం మీద చుక్కైనా పడలేదు. జీవరత్నం సైకిలు బల్ల మీంచి దింపి, పాశర్లపూడి గట్టెక్కి, వెళ్లొస్తానని కూడా అనకుండా వెళ్లిపోయేడు.