మా ఆయన పరీక్ష నేను పాసయ్యాను

మధ్యాహ్నం అన్నం తింటూ మా ఆయన ముద్దను నోటి దాకా తెచ్చి ఆపేశాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. పెదవులు ఏదో చప్పరిస్తున్నట్టు కదులుతున్నాయి. పిలిస్తే పలకడం లేదు.

"ఏందయ్యా, గట్ల చూస్తున్నవ్?" అని భుజం పట్టి ఊపాను.

నిమిషం తర్వాత తేరుకుని "ఏమైంది?" అని నన్నే అడిగాడు. మిగతా అన్నం తిని పనికి వెళ్లిపోయాడు. నిద్ర చాలక అలా అయ్యిందనుకున్నాం. అలా అనుకుంటూనే నెల రోజులు పోగొట్టాం. ఆ నెల గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

మేముండేది సూరత్‌లో, పర్వత్ పాటియా దగ్గర. మా ఆయన రాజేశం జగిత్యాల వైపు నుంచి ఇక్కడికి వచ్చి ఇరవై ఆరేళ్లయింది. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే చోట ఆయనది పోగులు లాగే పని. పడుగు చుట్టిన కొత్త బీమ్ ఎక్కించే ముందు వేల పోగులను ఒక్కొక్కటిగా, వరుస తప్పకుండా మగ్గం అచ్చు సందుల్లోంచి లాగాలి. ఒక్కటి తప్పితే బట్ట పొడవునా గీత పడుతుంది. రాజేశం చేతిలో గీత పడిందని ఎవరూ అనగా నేను వినలేదు. ఆయనకు అదే గర్వం. నాకు అంతకంటే ఎక్కువ.

రెండోసారి పనిలోనే పడిపోయాడు. ఫిట్స్ అన్నారు. సీటీ తీశారు, తర్వాత కాంట్రాస్ట్ ఇచ్చి ఎమ్మారై తీశారు. తలలో ఎడమవైపు గడ్డ. ఆపరేషన్ చేసి చాలావరకు తీసేశారు. బయాప్సీ రిపోర్టు వచ్చాక డాక్టర్ హిందీలో చెప్పాడు. "మెనింజియోమా, గ్రేడ్ టూ. క్యాన్సర్ అని భయపడకండి. కానీ వదిలేస్తే మళ్లీ పెరుగుతుంది. రేడియేషన్ ఇవ్వాలి."

ఆరు వారాలు రేడియేషన్. ముఖానికి జల్లెడలాంటి మాస్క్ బిగించి రోజూ పడుకోబెట్టేవాళ్లు. రేడియేషన్ డాక్టర్ మొదటి రోజే ఒక మాట చెప్పింది. "మెమరీ చూసుకునే హిప్పోకాంపస్‌కు డోస్ తక్కువ పడేలా ప్లాన్ చేశాం. మెమాంటిన్ టాబ్లెట్ కూడా ఇస్తున్నాం. అయినా మెమరీ మీద ఎఫెక్ట్ నెలల తర్వాత నెమ్మదిగా రావచ్చు. అది మొదట్లోనే కనిపెట్టాలి. అందుకే ఇంటి నుంచే మానిటరింగ్."

మానిటరింగ్ అంటే చేతికి ఒక బ్యాండ్, ఫోన్‌లో ఒక యాప్. బ్యాండ్ నిద్రను, అడుగులను లెక్కపెడుతుంది. యాప్ ప్రతి ఆదివారం పరీక్ష పెడుతుంది. ఐదు మాటలు వినిపించి, కాసేపు అంకెల ఆట ఆడించి, ఆ ఐదూ మళ్లీ చెప్పమంటుంది. హిందీ ఉంది, గుజరాతీ ఉంది, ఇంగ్లీషు ఉంది. తెలుగు లేదు. ఇక్కడ ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం, ఆ యాప్ చేసినవాళ్లకు ఒక్కరమైనా కనిపించలేదా?

మొదటి నెలల్లో నాలుగో ఐదో చెప్పేవాడు. తర్వాత ఒక ఆదివారం హిందీలో బాల్టీ, తోతా, ఖిడ్కీ, ఆమ్, రేల్ అని వినిపించింది. మళ్లీ అడిగితే ఆమ్, రేల్ దగ్గరే ఆగిపోయాడు. ఎర్ర గుర్తు పడింది. మా అమ్మాయి మౌనిక పదకొండో తరగతి. అది ఊరుకోకుండా "పప్పా, దోహీ?" అని, రెండేనా అన్నట్టు నవ్వింది. ఆయన ఫోన్‌ను పరుపు మీదికి విసిరేశాడు. "నన్నేమన్న సంటిపోరడనుకున్నరా?" అన్నాడు. మర్నాడు ఆసుపత్రి కోఆర్డినేటర్ హేతల్‌బెన్ ఫోన్ చేస్తే, ఆ రోజు ఆయనకు తలనొప్పి ఉండిందని చెప్పాను.

పై ఆదివారం నుంచి నేను ఫోన్ వెనక నిలబడ్డాను. ఆయన ఆగిన చోట శబ్దం రాకుండా పెదవులు కదిపాను. ఆయన నన్ను చూసి చెప్పేశాడు. ఐదుకు ఐదు. పచ్చ గుర్తు. పరాయి భాషలో అడిగితే తడబడడా, ఆ మాత్రం సాయం తప్పేంటి అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇరవై ఆరేళ్లుగా సేఠ్‌తో హిందీలో కొట్లాడే మనిషికి బాల్టీ అంటే తెలియదా? నాకు భయం వేసింది, అంతే. ఆ ఎర్ర గుర్తు చూడలేకపోయాను.

నన్ను చూసి మౌనిక కూడా నేర్చింది. అడుగులు తక్కువొస్తున్నాయని బ్యాండ్ తనే పెట్టుకుని గర్బా డ్యాన్స్ ప్రాక్టీసుకు వెళ్లింది. ఆ రోజు గడప దాటని మా ఆయన ఖాతాలో పన్నెండు వేల అడుగులు పడ్డాయి. అందరం నవ్వుకున్నాం కూడా. ఎంత బుద్ధి తక్కువ పని!

వీడియో కాల్‌లో డాక్టర్ మెచ్చుకుంది. "గ్రాఫ్ ఏక్‌దమ్ స్టేబుల్. మెమాంటిన్ ఆపేద్దాం. పనికి వెళ్లొచ్చు. మూడు నెలల తర్వాత రండి." నేను సంబరంగా సేమియా పాయసం వండాను.

పనికి వెళ్లిన రెండో వారమే ఒక బీమ్ సగం దాకా వరుస తప్పి లాగాడు. సాంచా మీదికి ఎక్కించాక గానీ తెలియలేదు. బట్టంతా గీతలు. సేఠ్ తిట్టలేదు, "ఘర్ జావ్, రాజేశ్‌భాయ్, ఆరామ్ కరో" అని ఇంటికి పంపేశాడట. తిట్టినా బాగుండేది. ఇంటికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"జర చాయ తాగు" అన్నాను.

"నా తలకాయ ఖరాబైతున్నదని నాకు తెల్వదానే?" అన్నాడు. "నీ పెదవులు జూసుకుంట చెప్పిన. నువ్వు దిల్‌ఖుష్, డాక్టరమ్మ దిల్‌ఖుష్. నన్నెవరు జూసిండ్రు?"

మర్నాడే ఆసుపత్రికి వెళ్లి డాక్టర్‌తో అంతా చెప్పేశాను. ఆమె కంప్యూటర్‌లో ఆ గ్రాఫ్ తెరిచింది. "అంటే ఈ గ్రాఫ్ ఆయనది కాదు, మీది. మీ మెమరీ చాలా బాగుంది" అంది. ఆ మాట పడాల్సిందే, పడ్డాను.

ఎమ్మారై మళ్లీ తీశారు. గడ్డ పెరగలేదు. సైకాలజిస్టు రెండు గంటలు కూర్చోబెట్టి పరీక్షించి, మెమరీ, అటెన్షన్ రెండూ తగ్గాయని రాసింది. మెమాంటిన్ మళ్లీ మొదలుపెట్టారు. ఫిట్స్ మందుతో మత్తు ఎక్కువగా ఉందని అది మార్చారు. వారానికి రెండుసార్లు మెమరీ ట్రైనింగ్. "ముందే తెలిసుంటే ముందే మొదలుపెట్టేవాళ్లం. పోయినదంతా తిరిగొస్తుందని చెప్పలేను. ఉన్నదాన్ని కాపాడదాం" అంది డాక్టర్. ఆ పోయిన నెలల్ని నాకెవరు తెచ్చిస్తారు? ఆయనకు నేను ఏమని జవాబు చెప్పాలి?

ఇప్పుడు ఆయన ఒక పూట పనికి వెళ్తున్నాడు. డిజైన్ బీములు ఇవ్వడం లేదు, సాదావే. వరుసను కాగితం మీద రాసి ఎదురుగా అతికించుకుంటాడు. ప్రతి వంద పోగులకు తోటి పనివాడు ఒకసారి చూస్తాడు. అలా చూపించుకోవడం ఆయనకు నామోషీ. ఆ యాప్‌లో తెలుగు ఇంకా రాలేదు. హేతల్‌బెన్‌ను అడుగుతూనే ఉన్నాను, ఆమె విసుక్కున్నా అడుగుతాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి పరీక్ష ఉంటే ఒక్క పని చేయండి. ఫోన్ నిలబెట్టి, మీవాళ్లను కూర్చోబెట్టి, మీరు బయటికి వెళ్లి తలుపు వేయండి. ఎన్ని తప్పులు చెబితే అన్ని చెప్పనివ్వండి. డాక్టర్‌కు కావలసింది ఆ తప్పులే.

నేను బియ్యం డబ్బాకు ఫోన్ ఆనించి, బయట మెట్ల మీద కూర్చుంటాను. మౌనికను కూడా పక్కనే కూర్చోబెట్టుకుంటాను. పోయిన ఆదివారం లోపల ఆయన తడుముకోవడం వినిపిస్తుంటే కొంగు నోట్లో కుక్కుకున్నాను. కాసేపటికి తలుపు తీశాడు.

"ఎన్నొచ్చినయ్?" అని అడిగాను.

"మూడు" అన్నాడు. "మూడూ నాయే."