కుప్ప మీద పెట్టిన తువ్వాలు

నాకు చదువు యాభై దాటాక వచ్చింది. మా రేవులో మధ్యాహ్నం పూట వయోజన విద్య క్లాసు పెట్టారు. చేపలు అమ్ముకుని వచ్చి, చేతులు రెండుసార్లు కడుక్కుని కూర్చునేదాన్ని. ఇప్పటికీ పైకి చదివితే తప్ప నాకు తలకెక్కదు. పుస్తకాల కొట్లో నిలబడి చదువుతుంటే జనం తిరిగి చూస్తారు. చూడనీ.

అప్పటినుంచి ఏ ఊరు వెళ్లినా పుస్తకాల కొట్టు ఎక్కడని అడుగుతాను. పెద్దపెద్ద పుస్తకాలు నాకక్కర్లేదు. ఆ ఊరివాళ్లు ఆ ఊరి సంగతులు రాసుకుని చిన్న ప్రెస్సులో అచ్చు వేయించుకున్నవి కావాలి. యానాంలో బస్సు దిగిన మగాళ్లంతా సీసాల కొట్ల వైపు నడిస్తే నేనొక్కదాన్నే రెండోవైపు నడిచాను. ఫ్రెంచివాళ్ల కాలం గురించి రిటైరైన గుమాస్తా ఒకాయన రాసిన పుస్తకం దొరికింది. పట్టిసీమ రేవు దగ్గర గుడి కథ కొన్నాను. నిడదవోలులో రైలు మారుతూ, స్టేషను ఎదుట నోటుబుక్కులు అమ్మే కొట్లో పెళ్లిపాటలు కొన్నాను. అలా ఒక ట్రంకుపెట్టె నిండింది. ఇంట్లోవాళ్లు దాన్ని మామ్మ లైబ్రరీ అని వెక్కిరిస్తారు.

వాళ్లకు చెప్పని సంగతి ఒకటుంది. నేను వెతికేది ఒక్క పుస్తకం కోసం. నా చిన్నప్పుడు ఒక మేష్టారు మా రేవుకి వచ్చి పడవ పాటలు రాసుకున్నారు. మా అమ్మ కూడా పాడింది. అవి రాజమండ్రిలో అచ్చయ్యాయని తర్వాత విన్నాం. పుస్తకం పేరు తెలియదు. అట్ట మీద తెరచాప పడవ ఉంటుందని మాత్రం ఎవరో చెప్పారు. అమ్మ దాన్ని చూడకుండానే పోయింది.

అమ్మ పాటలో ఒక పడవ ఏటి వెంట దిగి, ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా వెళుతుంది. అంతవరకూ నాకొచ్చు. తర్వాతది రాదు. అక్కడికి వచ్చేసరికి రోజూ నిద్రపోయేదాన్ని. ఇప్పుడు ఆ పాట తెలిసినవాళ్లు రేవులో ఎవరూ మిగల్లేదు. ఆ పడవ తిరిగొచ్చిందో లేదో ఆ పుస్తకమే చెప్పాలి.

మొన్న వేసవిలో కళ్లజోడు విరిగితే రాజమండ్రి వెళ్లాను. అద్దాలు వెయ్యడానికి గంట పడుతుందన్నారు. పక్క వీధిలో పాత పుస్తకాల కొట్టు ఉందని తెలుసు. వెళ్లేసరికి బీరువాలు ఖాళీగా ఉన్నాయి, సరుకంతా నేల మీద కుప్పలు పోసి ఉంది. యజమానికి యాభై ఏళ్లుంటాయి. తండ్రి పెట్టిన కొట్టట.

"మూసేస్తున్నామండి మామ్మగారూ. సెల్‌ఫోన్ల షాపుకి అద్దెకిచ్చేశాం. మధ్యాహ్నానికి ఖాళీ చేసెయ్యాలండి. ఏం కావాలో చూసుకోండి."

చేపలు ఏరినట్టే పుస్తకాలూ ఏరతాను. పైన పేర్చినవి చూపించడానికి పెట్టినవి. చెయ్యి అడుక్కి వెళ్లాలి. గోడవార కుప్పలో అడుగునుంచి ఒక పలచటి పుస్తకం లాగాను. కళ్లజోడు లేకపోయినా అట్ట మీద తెరచాప కంటికి ఆనింది. లోపలంతా మసక.

అతన్ని చదవమంటే చదివేవాడే. అడగలేదు. అక్షరం వచ్చాక ఇంకొకరి నోటితో చదివించుకోనని పంతం పట్టినదాన్ని. కొనేసి సంచిలో వేసుకున్నా సరిపోయేది. కానీ మొప్ప ఎత్తి చూడకుండా చేప కొన్న అలవాటు లేదు నాకు. ఆ కుప్పలో అలాంటివి ఇంకెన్ని ఉన్నాయో కూడా చూడాలనిపించింది. అందుకని పుస్తకాన్ని కుప్పలోనే పెట్టి, నా తువ్వాలు గుండ్రంగా చుట్టి దాని మీద ఉంచి వచ్చేశాను.

మా రేవులో పద్ధతి అది. వేలంలో చేపల కుప్ప దక్కించుకున్న మనిషి, గంప కింద నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు తీసి దాని మీద పెడుతుంది. ఇక ఆమె ఎప్పుడొచ్చినా సరే, కాకులు తప్ప ఆ కుప్పను ఎవరూ ముట్టరు. బతుకంతా అలాగే గడిచింది. లోకమంతా అంతేననుకున్నాను.

కొత్త అద్దాలతో తిరిగొచ్చేసరికి గోడవార ఏమీ లేదు. నా తువ్వాలు మడతపెట్టి కుర్చీ మీద ఉంది.

"మర్చిపోయారండి. దులిపి ఉంచాను," అన్నాడతను.

"కుప్ప ఏదయ్యా?"

"పాత కాగితాలవాళ్లు ఇప్పుడే పట్టుకెళ్లారండి."

"దాని మీద తువ్వాలు పెట్టి వెళ్లాను కదా."

"అదేనండి. అందుకే తీసి పక్కన పెట్టాను."

నోటిదాకా వచ్చిన మాటను ఆపుకోలేదు. "తండ్రి నాటినుంచీ కొట్టు నడుపుతున్నావు. మనిషి గుర్తు పెట్టి వెళితే తెలియదూ?"

"బస్సులో సీటు మీద వేస్తారు గానీ, పుస్తకాల మీద కూడా వేస్తారని నాకేం తెలుసండి?"

అందులో ఒక పుస్తకం నాకెందుకంత కావాలో రెండు ముక్కల్లో చెప్పాను. అతను షట్టరు దించి స్కూటరు తీశాడు.

"గట్టిగా పట్టుకోండి. పన్నెండింటికి మిల్లుకి లారీ వెళ్లిపోద్దండి. వెళ్లాక ఇంకేం లేదు, గుజ్జే."

రైలు వంతెన కింద ఆటోలు ఒకదానికొకటి అడ్డం పడి కదల్లేదు. మా నెత్తిన గూడ్సు బండి పోతూనే ఉంది. పదకొండూ నలభై అయింది. అతను హారను కొడుతూనే ఉన్నాడు. నేను అతని చొక్కా పట్టుకుని, నా పంతాన్ని నేనే తిట్టుకుంటూ కూర్చున్నాను. చదివిపెట్టమని ఒక్క మాట అంటే పోయేదేముంది?

పాత కాగితాల కొట్టు ముందు లారీ సగానికి పైగా నిండి ఉంది. కాటా దగ్గర కూర్చున్న ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"పొద్దున్నించి ఎన్ని బళ్లొచ్చాయో. అందులో మీ పుస్తకం ఎక్కడని చూపించమంటారు?"

"ఇందాక వచ్చిన సంచులు చూపించు చాలు."

"లారీ ఆపితే మిల్లువాళ్లు నన్ను తిడతారు మామ్మా."

"నన్ను చూపించు. చేపలమ్మినదాన్ని, నాకు తిట్లు కొత్తా?"

ఆవిడ మూలనున్న ఆరు సంచుల వైపు చెయ్యి చూపించింది. "తాళ్లు కట్టేదాకానే. తర్వాత నన్నడగొద్దు."

పుస్తకాల కొట్టతను చొక్కా చేతులు మడిచి సంచులు బోర్లించాడు. పరీక్ష పేపర్లు, పెళ్లి కార్డులు, చెదలు తిన్న పంచాంగాలు. మూడు సంచులయ్యాయి. లారీ మీద మనుషులు తాడు విసిరి రెండోవైపు లాగుతున్నారు. నాలుగోదాన్ని బోర్లించనివ్వలేదు. నేనే మోచేతి దాకా చెయ్యి అడుక్కి పెట్టాను. పలచటి అట్ట తగిలింది. లాగాను. వెనక అట్ట చిరిగిపోయింది గానీ తెరచాప అలాగే ఉంది.

కాటా బల్ల మీదే కూర్చుని పేజీలు తిప్పాను. అమ్మ పాట పుస్తకం మధ్యలో ఉంది. పైకి చదివాను. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదువుతుంటే లారీ డ్రైవరు హారను కొట్టాడు. ఆవిడ అతని మీద కసిరింది. "ఉండవయ్యా, చదవనీ."

పడవ ఏటి వెంట దిగింది. లంకలు దాటింది. మొగ దగ్గరికొచ్చింది. నాకు తెలిసిన చివరి మాట వచ్చింది. పేజీ తిప్పాను.

అక్కడ పాట లేదు. చిన్న అక్షరాల్లో మేష్టారి మాటలున్నాయి. పాడినామె ఇక్కడితో ఆపేసిందని, తర్వాత ఏమిటని అడిగితే, "నా చేపలు పాడైపోతన్నాయి, మీకు పనేం లేదా" అని గంప ఎత్తుకుని వెళ్లిపోయిందని రాశారు. మర్నాడు అడిగినా పాడలేదట.

రెండోసారి చదివాను. కోపం వచ్చింది. నిద్రపోయినందుకు నా మీద, పాట మధ్యలో లేచి వెళ్లినందుకు అమ్మ మీద. మూడోసారి చదివేటప్పుడు ఆ విసురు ఎవరిదో చెవికి తెలిసింది. పాటలో కన్నా ఆ ఒక్క ముక్కలోనే మా అమ్మ ఎక్కువ ఉంది.

లారీ కదిలింది. కాటా దగ్గరావిడ నా భుజం మీదుగా పుస్తకంలోకి తొంగి చూసింది.

"అంతేనా మామ్మా? పడవ తిరిగొచ్చిందా లేదా?"

"తెలీదమ్మా," అన్నాను. "మా అమ్మకి పనుందంట."