ఈ నెల మా చేత కాదు అనడం నేర్పిన పిన్ని

పిన్ని పోయిందన్న కబురు నాకు రాయపూర్ పండరీ బట్టల బజారులో తెలిసింది. బ్లౌజులకు లైనింగ్ గుడ్డ కొలిపించుకుంటున్నాను. ఫోన్ చేసింది ఆవిడ సొంత అక్క కొడుకు. పొద్దున్నే గుమ్మంలో కూర్చుని తోటకూర ఏరుతూ అలాగే తలుపుకు తల వాల్చేసిందట. పక్కింటివాళ్ళు కునుకు తీస్తోందనుకున్నారట. కొట్టతను "దీదీ, ఆరు మీటర్లా, ఎనిమిదా?" అని అడుగుతున్నాడు. ఎనిమిది అన్నాను. డబ్బులిచ్చాను, చిల్లర లెక్కపెట్టి తీసుకున్నాను. ఆ తర్వాత బజారు మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఆవిడ నాకు సొంత పిన్ని కాదు. మా నాన్న రాయపూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ పక్కనున్న రైల్వే వ్యాగన్ వర్క్‌షాప్‌లో ఫిట్టరు. పిన్ని భర్త కూడా అక్కడే పనిచేసేవాడు. బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి పద్దెనిమిదేళ్ళ పెళ్ళికూతురిగా ఇక్కడికి వచ్చినప్పుడు ఆవిడకు హిందీ ఒక్క ముక్క రాదు. మా అమ్మే కూరగాయల బేరం నేర్పింది. అమ్మను అక్కా అని పిలిచేది కాబట్టి మాకు పిన్ని అయింది.

భర్త తాగుడుకీ పేకాటకీ వడ్డీ వ్యాపారుల దగ్గర అప్పులు చేసేవాడు. జీతాల రోజున వర్క్‌షాప్ గేటు ముందు వాళ్ళే నిలబడి డబ్బు తీసుకుని పోయేవారు. అతను హఠాత్తుగా చనిపోయినప్పుడు పిన్నికి మిగిలింది ఆ అప్పూ, అతని బదులు రైల్వే ఇచ్చిన ఖలాసీ ఉద్యోగమూ. ఖలాసీ అంటే వర్క్‌షాప్‌లో అన్నిటికన్నా కింది పని. మగవాళ్ళ మధ్య ఇనుప సామాన్లు మోస్తూ, సరుకు గదిలో బోల్టులు లెక్కపెడుతూ ఆ అప్పు మొత్తం తీర్చింది. ఎన్నేళ్ళు పట్టిందని ఒకసారి అడిగితే, చెప్పులు కొనుక్కోకుండా ఎన్నేళ్ళున్నానో అన్నేళ్ళు అంది. అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా ఇల్లు. మావారు ఊరి బయట సిల్తరాలో ఒక ఇనుప కర్మాగారంలో సూపర్‌వైజరు. జీతం బాగానే వచ్చేది. వాయిదాల మీద కారు కొన్నాం. సోఫా, ఏసీ క్రెడిట్ కార్డు మీద తెచ్చుకున్నాం. లాక్‌డౌన్ల తర్వాత ఫ్యాక్టరీ చాలాకాలం సగం జీతమే ఇచ్చింది. కారు వాయిదాకు కార్డు వాడాం. కార్డు బిల్లుకు ఫైనాన్స్ కంపెనీలో పర్సనల్ లోను తీసుకున్నాం. ఆ లోను కిస్తు కట్టడానికి ఫోన్‌లో వచ్చే అప్పుల యాప్‌లకు చేయి చాచాం. మెయిన్ రోడ్డు మీద ఫ్లాటులోనే ఉంటున్నాం, అమ్మాయిని ఆటోలో ప్రైవేటు స్కూలుకు పంపుతున్నాం. బయటినుంచి చూసేవాళ్ళకు మా ఇంట్లో ఏ లోటూ కనిపించేది కాదు.

ఆ యాప్‌ల వాళ్ళు ఒకరోజు నా ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్లు చేశారు. అందులో పిన్ని నంబరూ ఉంది. అప్పటికే రిటైరై, కాలనీ వెనక సందులో రెండు గదుల ఇల్లు కొనుక్కుని ఒంటరిగా ఉంటోంది. ఆ మధ్యాహ్నం ఎండలో నడిచి వచ్చి, ఫ్లాటు మూడో అంతస్తు ఎక్కి, నేను తలుపు తీయగానే తన ఫోన్ నా చేతిలో పెట్టింది.

"ఎవుడో ఫోన్ సేసి నిన్ను దొంగంతన్నాడమ్మీ. నాను నాలుగు తిట్టి పెట్టీసినాను. కూకో. ఎంతేటి?"

నేను ఏడ్చాను. ఏడుపు అయ్యేదాకా ఆగి మళ్ళీ అదే అడిగింది. మావారు డ్యూటీ నుంచి వచ్చేదాకా కదల్లేదు. వచ్చాక ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఎవరెవరికి ఎంతివ్వాలో పైకి చెప్పమంది. పదమూడేళ్ళ కాపురంలో ఆ అంకె మేమిద్దరం ఒకరి ముందు ఒకరం ఎప్పుడూ అనలేదు. మావారు తోటి ఉద్యోగి దగ్గర తీసుకున్న అరవై వేలు నాకు తెలియదు. మా అమ్మ దగ్గర దాచానని చెప్పిన నా గొలుసు తాకట్టులో ఉందని ఆయనకు తెలియదు. అన్నీ కలిపితే తొమ్మిది లక్షల చిల్లర తేలింది. ఆయన తలెత్తలేదు. పిన్ని మాత్రం తేలికపడ్డట్టు ఊపిరి వదిలింది. దానికి ఒక చివరుందని తెలిసింది కదా అంది.

మర్నాటి నుంచి మా ఖర్చుల మీద పడింది. మొదట కారు అమ్మించింది. ఫ్లాటు ఖాళీ చేయించి తన సందులోనే సగం అద్దెకు ఇల్లు చూసింది. ప్యాకెట్ బియ్యం మానిపించి, నన్ను ప్యాసింజర్ బండిలో తిల్దా రైసుమిల్లుకు తీసుకెళ్ళింది. మరో మూడు కుటుంబాలతో కలిసి అక్కడ బస్తాలు కొని పంచుకునేవాళ్ళం. అన్నం కాస్త ముద్దగా ఉండేది, మా అమ్మాయి మొహం ముడుచుకునేది. షాంపూ పొట్లాలు, టీవీలో ఎవరూ చూడని ఛానళ్ళు, కాలనీ ఆడవాళ్ళ కిట్టీ పార్టీ, ఒక్కొక్కటీ పోయాయి. కుట్టుమిషను అటక మీద నుంచి దిగింది. యాప్‌ల వాళ్ళ బెదిరింపుల మీద మావారిని వెంటబెట్టుకుని పోలీసుస్టేషన్‌కు వెళ్ళి ఫిర్యాదు రాయించింది. ఆ తర్వాత కూడా కొన్ని వారాలు ఫోన్లు వచ్చాయి. ఇప్పటికీ తెలియని నంబరు మోగితే ఫోన్ బోర్లా తిప్పి పెట్టేస్తాను.

అన్నిటికన్నా కష్టమైంది ఒక మాట నేర్చుకోవడం. పెళ్ళికి కానుకల చందా అడిగినా, పిక్నిక్ అని పిలిచినా, మావారు ముందు ఊ అనేసి తర్వాత అప్పు వెతుక్కునేవారు. పిన్ని ఆయన్ను ఎదుట నిలబెట్టి, "ఈ నెల మా చేత కాదు" అని పదిసార్లు అనిపించింది. "ఈ ముక్క నోటంట రానందుకే కదా బాబూ, ఇంత ఉధార్ అయినాది," అంది. ఆయన మొదటిసారి దాన్ని నిజంగా ఫోన్‌లో వాళ్ళ బాబాయితో అన్నప్పుడు గోడవైపు తిరిగి అన్నారు. ఆయన మెడ ఎర్రబడటం నాకు కనిపించింది.

ఆదివారం చేపలు మాత్రం మానొద్దంది. వారంలో ఒక పూటైనా ఇష్టంగా తినని ఇల్లు ఎక్కువకాలం ఓర్చుకోదనీ, మళ్ళీ ఎక్కడో తెగించి అప్పు చేస్తుందనీ ఆవిడ నమ్మకం. చిన్న చేపలే తెచ్చేవాళ్ళం. పిన్ని తలకాయలు మా అమ్మాయికి వేసేది.

ఇక ఇది రాయకపోతే ఈ కాగితం అబద్ధమవుతుంది.

ఫైనాన్స్ కంపెనీ ఆఫీసులో పిన్ని రెండు రోజులు బెంచీ మీద కూర్చుని, మా నెలవారీ కిస్తు తగ్గించేలా కాగితం రాయించింది. అందులో ఒక షరతు ఉంది. మొదటి మూడు నెలలు ఒక్క రోజు తప్పినా ఆ ఒప్పందం చెల్లదు, పాత కిస్తే కట్టాలి. రెండో నెలలో పార్వతీపురం నుంచి మా అన్నయ్య ఫోన్ చేశాడు. నాన్న పోయాక అమ్మ అక్కడ తన దగ్గరే ఉంటోంది. అమ్మకు జ్వరమనీ, టైఫాయిడ్ అంటున్నారనీ, సెలైన్ పెట్టించామనీ, కంగారేం లేదనీ చెప్పాడు. నేను ఊరికెళ్ళడానికి సంచి కిందికి దించాను. ఇంట్లో ఉన్న డబ్బంతా జీతం రాకముందే కట్టాల్సిన ఆ నెల కిస్తే. ముగ్గురం వెళ్ళి రావాలంటే, ఆస్పత్రిలో అన్నయ్య చేతిలో ఎంతో కొంత పెట్టాలంటే, కిస్తు తప్పుతుంది.

పిన్ని వచ్చి మంచం మీద సంచి చూసింది. కాసేపు వేళ్ళ మీద లెక్క వేసుకుంది.

"జ్వరవే కదమ్మీ. పదో తారీకు జీతం వత్తాది. పదకొండున ఎల్దువు గాని. నానూ వత్తాను, అక్కని సూసి సాన్నాళ్ళయింది."

ఆవిడ చెప్పిందని మాత్రమే ఆగానని అనలేను. జనరల్ పెట్టెలో నేనొక్కదాన్నే వెళ్ళి ఉండవచ్చు. దానికెంతో కాదు. ఆ కిస్తు పోతుందన్న భయం అప్పటికి నాలోనూ అంతగా పాతుకుపోయింది. సంచి తిరిగి పైన పెట్టింది నా చేతులే.

ఎనిమిదో తారీకు పొద్దున అమ్మ పోయింది.

పిన్ని మాతోపాటు వచ్చింది. దారి పొడుగునా రైలుపెట్టె తలుపు దగ్గర నేల మీద కూర్చుంది, నీళ్ళు కూడా తాగలేదు. అన్నయ్య ఇంటికి చేరాక లోపలికి రాలేదు. వాకిట్లో నిలబడి, లోపల నేల మీద పడుకోబెట్టిన అమ్మవైపు చూస్తూ ఉండిపోయింది. ఆవిడకు ఈ రాయపూర్‌లో మొదటి స్నేహితురాలు అమ్మ. ఆ సంగతి అప్పుడు నాకు గుర్తు రాలేదు. గుర్తు వచ్చినా జాలి పడేదాన్ని కాదు.

తిరిగి వచ్చాక నాలుగు నెలలు ఆవిడతో మాట్లాడలేదు. ఒకే సందు. ఎదురుపడితే తల తిప్పుకునేదాన్ని. కిస్తులు మాత్రం తారీకు తప్పకుండా కట్టాను. ఎవరి మీద కోపంతో కట్టానో నాకే తెలియదు. ఆవిడ వివరణ ఇవ్వడానికి రాలేదు, ఎవరితోనూ కబురు పెట్టలేదు. నాలుగు నెలలయ్యాక ఒక సాయంత్రం నేను మిషను తొక్కుతుంటే వచ్చి గడపకు అవతలే నిలబడింది.

"తప్పు నాదేనమ్మీ. హిసాబ్‌లో అన్నీ ఏసినాను. మనిసిని ఏసుకోలేదు."

నేను మిషను ఆపలేదు. ఆవిడ కొంతసేపు చూసి వెళ్ళిపోయింది. మర్నాడు మా అమ్మాయి చేత ఆవిడకు కూర పంపాను. అలా మళ్ళీ రాకపోకలు మొదలయ్యాయి.

ఆ తర్వాత ఆవిడ దగ్గరికి సలహాకు వచ్చిన ప్రతి ఇంటికీ లెక్కలో మొదటి గీత ఒకటే గీయించేదని విన్నాను. అద్దెకన్నా ముందు, బియ్యంకన్నా ముందు, సొంతవాళ్ళున్న ఊరికి వెళ్ళి రావడానికి రైలు చార్జీలు. అది పక్కన పెట్టి, ఎంత ఇబ్బందైనా ముట్టుకోకూడదనేది. ఎందుకని ఎవరైనా అడిగితే, దానికి నేనొక దండగ కట్టుకున్నాను అనేదట.

నాలుగేళ్ళ రెండు నెలలకు మా అప్పు తీరింది. చివరి కాగితం తెచ్చిన రోజు మావారు చొక్కా కూడా విప్పకుండా పడుకుని సాయంత్రం దాకా నిద్రపోయారు. ఆ నిద్రలో ఆయన మొహం చూస్తే ఎంత వయసు మీద పడిందో తెలిసింది. మా అమ్మాయి ఈ ఏళ్ళలో ఏదీ అడగడం మానేసింది. ఇప్పుడు కొనగలమన్నా వద్దంటుంది. అది మంచి అలవాటని బంధువులు మెచ్చుకుంటారు. నాకు మాత్రం గుండె కలుక్కుమంటుంది.

పిన్నికి స్వీటు పట్టుకెళ్ళాను. సగం తుంచి నోట్లో వేసుకుని, మిగతా సగం నాకే పెట్టింది. నా మొహంలోకి చూసింది. ఏదో వినాలని చూస్తోందని నాకు తెలుసు. అమ్మ విషయంలో నా మనసులో ఏమీ లేదు పిన్నీ అని అనాలి. అది పూర్తిగా నిజం కాదు కాబట్టి అనలేదు. తర్వాత ఎప్పుడో అది నిజమయ్యాక చెబుదామనుకున్నాను. ఇంకా సమయం ఉందనుకున్నాను. ఆవిడ అమ్మ విషయంలో అనుకున్నట్టే.

తాను పోయాక పదో రోజున ఏమీ పెద్దగా చేయొద్దని, తన పేరున ఒక్క రూపాయి అప్పు చేసినా ఊరుకోనని పిన్ని ముందే అక్క కొడుకుతో చెప్పి పెట్టిందట. అతను చిన్న ఉద్యోగి, సిగ్గుపడుతూనే ఆ మాట సందులో చెప్పాడు. పూజ మాత్రం చేస్తాం, భోజనాలు పెట్టలేం అని.

ఆ రోజు నేను వెళ్ళేసరికి సందు నిండా ఆడవాళ్ళున్నారు. తెలుగువాళ్ళు, ఛత్తీస్‌గఢీ వాళ్ళు, ఒడియావాళ్ళు. నాకు తెలిసిన మొహాలే చాలా ఉన్నాయి. కుళాయి దగ్గర, స్కూలు గేటు దగ్గర, గుళ్ళో ఏళ్ళ తరబడి చూసిన మొహాలు. ప్రతివాళ్ళూ ఇంటి నుంచి తమ అన్నం డబ్బా తెచ్చుకున్నారు. పూజయ్యాక గోడల నీడన రెండు వరసల్లో కూర్చున్నాం. మీరూ ఆవిడ దగ్గరికి వచ్చేవారా అని ఎవరూ ఎవర్నీ అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది.

నా పక్కన కూర్చున్నావిడది పాత ఫ్లాటులో మా పై అంతస్తు. ఆవిడ కర్టెన్లు చూసే అప్పట్లో నేను మా కర్టెన్లు మార్చాను. ఆవిడ డబ్బా మూత తీసింది. అందులో రాత్రి నీళ్ళలో నానబెట్టిన అన్నం, ఇక్కడివాళ్ళు బాసీ అంటారు, దానిమీద ఒక ఉల్లిపాయ. నా డబ్బాలో పప్పన్నం ఉంది. ఆవిడ ఉల్లిపాయను పిడికిలితో రెండుగా చితక్కొట్టి, నావైపు చూడకుండానే, సగం తీసి నా డబ్బా మూత మీద పెట్టింది.