సుంకన్న మామ, గంజి బిళ్ళ

చచ్చినవాళ్ల గురించి ఎవరైనా అబద్ధం చెబితే మా సుంకన్న మామ ఊరుకోలేడు. బతికున్నవాళ్లు ఎన్ని కోతలు కోసుకున్నా పట్టించుకోడు. "వాళ్లకి నోరుంది, వాళ్లే సూసుకుంటారు. సచ్చినోనికి ఎవరుండారప్పా?" అంటాడు. ఆయన మా అమ్మకు అన్న. ఆదోని, ఎమ్మిగనూరు మధ్య బస్సులో ముప్పై ఏళ్లు కండక్టరు. ఆ ముప్పై ఏళ్లూ, రిటైరయ్యాక ఈ పన్నెండేళ్లూ, ఆయన పక్కన నిలబడి నేను పడిన సిగ్గు అంతా ఇంతా కాదు.

నేను కాలేజీలో ఉన్నప్పుడు ఒకాయన బస్సులో పక్కవాడితో, "మా తాత నూరెకరాల ఆసామి" అన్నాడు. మామ టికెట్లు కొట్టడం ఆపాడు.

"యా ఊరప్పా?"

"దేవనకొండ."

"తాత పేరు?"

చెప్పాడు. మామ క్షణం ఆలోచించాడు. "నాలుగెకరాలు. అందులో రెండు గుట్ట. దిగేలోపల సరిచేసుకో."

పాపం, ఆయన తన స్టేజీ రాకముందే దిగిపోయాడు. ఆ కండక్టరు మా మామేనని ఎవరికీ తెలియకూడదని నేను కిటికీలోంచి తల బయట పెట్టుకుని ఎమ్మిగనూరు దాకా అలాగే వచ్చాను.

మా ఊళ్లో హనుమన్న పోయినప్పుడు పదకొండో రోజున ఒక పెద్దమనిషి మైకులో, "హనుమన్న చీమకు కూడా అపకారం చేయలేదు" అన్నాడు. మామ లేచాడు. "చీమ సంగతి నాకు తెల్దు. మా కోడిని మాత్రం పట్టుకపోయినాడు." అందరూ బిగుసుకుపోయారు. అన్ని రోజులూ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన హనుమన్న భార్య అంజినమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నిజమేన్నా. కారం ఎక్కువైందని ఆ పొద్దు నన్ను తిట్టినాడు గూడా!" ఆ నవ్వు విలువ నాకప్పుడు తెలియలేదు. నా సిగ్గే నాకు సరిపోయింది.

ఇక మా ఇంటి సంగతి. ఊళ్లో మమ్మల్ని బిళ్ళోళ్లు అంటారు. మా పూజగదిలో నాలుగు తరాలుగా ఒక రేకు బిళ్ళ ఉంది, దాని మీద 417 అని అంకె. నూటయాభై ఏళ్ల కిందట, ధాత కరువులో, మా మారెప్ప తాత ఊరందరికీ గంజి పోశాడని, మెచ్చి దొర ఇచ్చిన బిరుదు అదని మా నమ్మకం. రోజూ పసుపు, కుంకుమ, హారతి. ఎమ్మిగనూరులో తెలుగు పంతులుగా ఉన్న నేను ఈ కథను మా కొత్త వియ్యంకుడు, ఆదోని పత్తి వ్యాపారి బాలరాజు గారికి నాలుగుసార్లు చెప్పాను. ఐదోసారి, ఊళ్లో తాత పేరిట రాయి నాటిస్తున్నాను రమ్మని పిలిచేశాను.

"రాయి మీద ఏం రాయించమంటావు మామా?" అని అడగడమే నా పొరపాటు.

మామ బిళ్ళ మీది పసుపు తుడిచి వెలుతురుకు పట్టాడు. "అల్లుడూ, ఇది టికెట్టు."

"ఏం టికెట్టు?"

"గంజి టికెట్టు. కరువులో ఇది సూపిస్తే సర్కారోళ్లు ముంతెడు గంజి పోసేవాళ్లు. బిరుదుకు నంబరెందుకేస్తార్రా? ముప్పై ఏండ్లు టికెట్లు కొట్టినోన్ని, నాకు తెల్దా?"

"అయితే మా తాత..."

"పోసినోడు గాదు. పోయించుకున్నోడు."

నాకు తల తీసేసినట్టయింది. నాలుగు తరాలు హారతిచ్చింది అడుక్కున్న గంజికా? "మామా, నీ కాళ్లు పట్టుకుంటా, వియ్యంకుని ముందర ఈ మాట అనొద్దు."

"అబద్ధం మాత్రం సెప్పను."

"నిజం కూడా చెప్పొద్దు!"

"అడిగితే సెప్తా."

రాయి చెక్కే పౌలు దగ్గరికి పరుగెత్తాను. చిక్కంతా క్రియలో ఉంది. తెలుగు పంతులుని కాబట్టి క్రియాపదం ఎత్తేశాను. 'ధాత కరువు. గంజి. మారెప్ప.' అంతే. "ఆయప్ప ఏం చేసినాడో రాయొద్దా సార్?" అన్నాడు పౌలు. "చెప్పినంత చెక్కు" అని కసురుకున్నాను.

ఆదివారం రాతి మీద గుడ్డ తీశాం. వియ్యంకుడు మూడుసార్లు చదివాడు. "బాగుంది బావా. ఇంతకీ మారెప్ప గారు గంజిని ఏం చేసినారు?"

నేను నోరు తెరిచేలోపల మామ మైకు అందుకున్నాడు.

"అడిగినారు గాబట్టి సెప్తాండా. మారెప్ప గంజికాడ నిలబడినాడు." మామ ఆగాడు. నా ఊపిరీ ఆగింది. "మూడు నెలలు నిలబడినాడు. ఎండలో, కాళ్లు వాసినా, ఒక్క పొద్దు గూడా తప్పలేదు. ఇంట్లో ఐదుమంది పిల్లోల్లు. ఆయప్ప నిలబడబట్టే ఈ పొద్దు బిళ్ళోళ్లు ఇంతమంది ఈడ నిలబడినారు."

చప్పట్లు మోగాయి. "సేవంటే అదీ!" అని వియ్యంకుడు కళ్లు తుడుచుకున్నాడు. మామ ఒక్క అబద్ధం ఆడలేదు. నేనే తలెత్తలేకపోయాను. ఈసారి సిగ్గు తాతను చూసి కాదు, నన్ను చూసుకుని. పిల్లల కోసం వాచిన కాళ్లతో నిలబడిన మనిషికి ఒక్క క్రియాపదం కూడా లేకుండా చేశానే!

జనం పోయాక అన్నాను, "మామా, నా పరువు కాపాడినావు."

"నీ పరువెవనిక్కావల్ల? నేను మాట్లాడింది సచ్చినోని తరఫున." జేబులోంచి ఏదో తీసి నా చేతిలో పెట్టాడు. రేకు బిళ్ళ. 418.

"ఇదెక్కడిది?"

"మా ముత్తాతది. మీవోని యనకాలే నిలబడినాడు."

"ఇన్నాళ్లూ చెప్పలేదే!"

"ఎవరడిగినారు? ఇంగోటుంది. వరసలో ముందుండింది మావోడే. మీవోడు మోచేత్తో తోసి ముందుకు పోయినాడంట. మా అవ్వ సచ్చేదాకా తిట్టింది. అది మైకులో సెప్పలేదు సూడు."

మరుసటి వారమే రాతి మీద 'నిలబడినాడు' అని చెక్కించాను. మామ వచ్చి చూసి, "'తోసుకొని' గూడా ఏయించల్ల గదరా, నిజం నిజమే" అన్నాడు. రాతి మీద చోటు లేదన్నాను. జానెడు చోటుంది. మామ ఆ చోటును చూశాడు, నన్ను చూశాడు. నేనింకా బతికే ఉన్నాను కాబట్టి ఊరుకున్నాడు.