ఊపిరి బిగబట్టే బటన్

మా మామయ్య పని నుంచి రాగానే చేతులకంటిన మిషన్ నూనె పోయేలా రెండుసార్లు సబ్బుతో కడుక్కుని టీవీ ముందు కూర్చుంటాడు. గేమ్ పెట్టిన వెంటనే ఆడడు. ముందు సెట్టింగ్స్ తెరిచి, ఏ బటన్ దేనికో పై నుంచి కింద దాకా చదువుతాడు. ఏదీ మార్చడు. చదవడం అయ్యాకే ఆట.

ఆయన బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో మెకానిక్. అరవై మిషన్ల ముందు అరవై మంది ఆడవాళ్లు. చక్రం గట్టిగా తిరుగుతోందని ఎవరు పిలిచినా వెళ్లి మిషన్ విప్పుతాడు. "దానికి చేతకాక మిషన్ మీద నెడుతోంది" అని సూపర్‌వైజర్ విసుక్కున్నా వినిపించుకోడు. తప్పు ఎప్పుడూ మిషన్‌దేనని ఆయన నమ్మకం. అందుకే ఆ హాలులో అందరికీ ఆయనంటే ప్రాణం.

ఆయన చెల్లెలు, మా పిన్ని, ఆయనతోనే ఉండేది. క్లినిక్‌లో ఫోన్లు ఎత్తే ఉద్యోగం. ఆదివారం మధ్యాహ్నాలు కర్టెన్లు లాగేసి ఇద్దరూ ఒకే గేమ్ ఆడేవాళ్లు. పాడుబడిన ఆసుపత్రిలో చిక్కుకున్న ఒక అమ్మాయి, ఆమె వెంటపడే కళ్లులేని ఆకారం. అది దగ్గరికొస్తే బీరువాలో దూరి, ఒక బటన్ నొక్కిపట్టి ఊపిరి బిగబట్టాలి. వేలు జారిందా, అంతే సంగతులు. అమ్మాయిని నడిపించడం మామయ్య వంతు, అది వెంటపడితే పరిగెత్తించి, తలుపు తీసి దాచడం పిన్ని వంతు. వారమంతా ఆసుపత్రే, సెలవు రోజూ ఆసుపత్రేనా అని సణుగుతూనే కంట్రోలర్ అందుకునేది.

ఒక వేసవిలో బీరువాలో అమ్మాయి వరుసగా దొరికిపోవడం మొదలైంది. బటన్ గట్టిగా ఉందంది పిన్ని. మామయ్య అప్పటికప్పుడు స్క్రూలు తీసి లోపలి రబ్బరు తుడిచాడు. మరుసటి వారం మళ్లీ విప్పి కొత్త రబ్బరు వేశాడు. చివరికి కొత్త కంట్రోలరే కొనుక్కొచ్చాడు. అది ముట్టుకుంటే చాలు పలికేది. అమ్మాయి మాత్రం దొరికిపోతూనే ఉంది.

నొక్కిపట్టక్కర్లేదు, ఒక్కసారి నొక్కితే చాలు అనే వీలు సెట్టింగ్స్‌లో ఉంది. పిన్ని అది పెట్టమంది.

"అప్పుడిక భయమేముందే? దయ్యాన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చినట్టుంటుంది."

"నీకు భయం కావాలి అన్నయ్యా, నాకు బతకడం కావాలి. పెట్టు."

నవ్వేశాడు గానీ పెట్టలేదు.

రెండు నెలలకు క్లినిక్‌లో ఫోను పిన్ని చేతిలోంచి జారిపడింది. అక్కడి డాక్టరు ఆమె కుడిచెయ్యి తిప్పి చూశాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరిగి గుంటపడింది. నరాల జబ్బు. ఆగేది కాదు, మందులతో కాస్త నెమ్మదిస్తుందంతే అన్నాడు.

ఆ సాయంత్రం మామయ్య సెట్టింగ్స్ తెరిచాడు. ఒక్కసారి నొక్కితే చాలనేది పెట్టాడు.

"దయ్యానికి టీ ఇచ్చేశావా?" అంది పిన్ని.

ఈసారి ఆయన నవ్వలేదు.

ఆ తర్వాత నెలకో మార్పు. పరుగు బటన్ పిన్ని ఎడమచేతికి వచ్చింది. టార్చి ఎప్పుడూ వెలిగే ఉండేలా పెట్టారు. తలుపులు తీయడం మామయ్యకు వెళ్లింది. ఆఖరికి పిన్నికి మిగిలింది ఒక్క బటనే, ఎడమవైపున్న ఊపిరి బటన్. దాన్ని కూడా మామయ్య ఆమె వేలు పట్టుకుని నొక్కించేవాడు. మూడో ఏడు జబ్బు ఆమె ఊపిరి దాకా వచ్చింది.

పిన్ని పోయాక చాన్నాళ్లకు మా అమ్మ దగ్గర ఒక్కసారే ఆ మాటెత్తాడు.

"రెండుసార్లు విప్పానక్కా ఆ కంట్రోలర్‌ని. ఒక్కసారైనా దాని చెయ్యి పట్టుకుని చూడలేదు."

ఫ్యాక్టరీలో ఇప్పుడు ఎవరైనా చక్రం గట్టిగా ఉందంటే ముందు చెయ్యి చాపమంటాడు. జోస్యం చెబుతావా అన్నా అని వాళ్లు ఆటపట్టిస్తారు. ఆయన రెండు చేతులూ తిప్పి చూసి, ఆ తర్వాతే మిషన్ విప్పుతాడు.

ఆయనకిప్పుడు యాభై రెండేళ్లు. గేమ్ ఇంకా పిన్ని సెట్టింగ్స్‌తోనే ఆడతాడు.