మళ్లీ దేవులాడు

మా టైపు సారు పోయారు. శుక్రవారం మధ్యాహ్నం అన్నం తిని, చేయి కడుక్కుని, మంచం మీద ఒరిగారట. మళ్లీ లేవలేదు. జగిత్యాల దగ్గర వాళ్ల ఊరి నుంచి లింగయ్య ఫోన్ చేసి చెప్పాడు. లింగయ్య మాతో పాటు సౌదీలో పనిచేసినవాడే, ఇప్పుడు సారుకి పక్క ఊరివాడు. చెప్పాల్సిందంతా చెప్పి, పెట్టేసే ముందు ఒక మాట అన్నాడు. "నా విషయంల తప్పు జేసిండు గని, మంచోడు సారూ, గా అన్న. నేనెప్పుడో మనసులకెల్లి తీసేసిన."

ఆ తప్పు టైపు సారుది కాదు, నాది. ముప్పై ఏళ్లకు పైగా అది ఆయన పేరు మీదే ఉంది. ఫోన్లో కూడా నేను "అవును లింగయ్యా, మంచివారు" అన్నానే తప్ప మరో మాట అనలేదు. ఇక్కడ సౌదీలో, అల్ అజీజియాలోని నా గదిలో ఏసీ కింద కూర్చుని ఆయన కోసం ఏడ్చాను. ఏడుస్తూ కూడా నిజం దాచుకోగలిగానంటే నా సంగతి మీకు అర్థమయ్యే ఉంటుంది.

నేను అల్ ఖోబర్‌కు వచ్చింది ఇరాక్ కువైట్ మీద పడ్డ ఏడాది. కాకినాడలో డిప్లొమా, కొత్త చొక్కా, కంప్యూటర్ తెలుసునన్న పొగరు ఉన్నాయి. మాది భవనాలకూ పంపులకూ మరమ్మతులు చేసే కంపెనీ. క్యాంపు ఆఫీసులో ఒకే ఒక్క కంప్యూటర్ ఉండేది, దాని ముందు టైపు సారు ఉండేవారు. ఆయన వచ్చింది తాపీమేస్త్రీ కింద ఇటుకలు అందించడానికి. ఊళ్లో ఎప్పుడో టైపు నేర్చుకున్న సంగతి ఆఫీసులో ఎవరికో తెలిసి లోపలికి పిలిచారు. అయినా పాత అలవాటు పోలేదు. కీబోర్డు ముట్టుకునే ముందు చేతులు ప్యాంటుకు తుడుచుకునేవారు. వెళ్లేటప్పుడు ఇసుక పడకుండా దాని మీద ఎర్ర గళ్ల తువ్వాలు కప్పేవారు. పసిపిల్లను పడుకోబెడుతున్నారా సార్ అని నేను ఆటపట్టిస్తే, "పిల్ల లేస్తే నీకే తిప్పలు, మెల్లగ మాట్లాడు" అనేవారు.

అప్పటికి దానికి మౌస్ లేదు. నల్ల తెర, ఆకుపచ్చ అక్షరాలు, అన్నిటికీ మీటలే. ఆయన ఒక అట్టముక్క మీద తెలుగులో రాసి గోడకు అంటించారు. "దేవులాడు: కంట్రోల్, క్యూ, ఎఫ్. మళ్లీ దేవులాడు: కంట్రోల్, ఎల్." మేము వెతుకు అంటాం సార్ అని నవ్వాను. "మీరు వెతుకుతరు, మేం దేవులాడ్తం. దొరికేది మాత్రం ఒక్కడే" అన్నారు.

క్యాంపు జాబితా అంటే ఏడెనిమిది వందల పేర్లు, పక్కన ఇకామా నంబర్లు, అంటే సౌదీలో ఉండనిచ్చే కార్డు నంబర్లు. ఎవరి సంగతి కావాలన్నా అందులో పేరు కొట్టి చూడాలి. మనవాళ్లు పేర్లు పెట్టడంలో పెద్దగా కష్టపడరు కదా, రాజయ్యలూ గంగారాములూ కుప్పలుతెప్పలు. క్యాంపులోనైతే పని పేరు కలిపి పిలుచుకుంటారు, ఎవరూ పొరపడరు. జాబితాలో ఆ సౌకర్యం లేదు. అందుకని టైపు సారు ఒక పద్ధతి పెట్టుకున్నారు. పేరు దొరికినా ఆగరు. కంట్రోల్, ఎల్. మళ్లీ కంట్రోల్, ఎల్. ఇక లేదని తెర మీద పడేదాకా నొక్కుతూనే ఉంటారు.

"లేదని మిషినే చెప్పాలె తమ్మీ, మనం చెప్పద్దు" అనేవారు. నాకది చాదస్తంగా ఉండేది. దొరికిన వాణ్ని పక్కన పెట్టుకుని ఇంకా వెతకడం ఏమిటని విసుక్కునేవాణ్ని. "దొరికిండు అనంగనే మనిషి కండ్లు మూసుకుంటడు, గప్పుడే తెర్సుకోవాలె" అని ఆయన నవ్వేవారు.

ఆ జనవరిలో యుద్ధం ఇవాళో రేపో అన్నట్టుంది. కిటికీలకు టేపు అంటించాం. గ్యాస్ మాస్కులు పంచుతున్నారని ఒక ఉదయం కబురొస్తే క్యాంపంతా వరస కట్టింది. టైపు సారు పాస్‌పోర్టుల పని మీద బయటికి వెళ్లారు. అప్పుడే ముదీర్, అంటే మా మేనేజరు, ఒక టెలిగ్రాం తెచ్చి నా ముందు పెట్టాడు. లింగయ్య భార్యకు ప్రాణం మీదికి వచ్చింది, వెంటనే పంపండి. ఇంటిపేరు లేదు, సైటు పేరు లేదు. టెలిగ్రాంలో ఎవరు రాస్తారు అవన్నీ? నంబరు తీసివ్వు, ఈ రోజే దేశం దాటే ఎగ్జిట్ వీసా కొట్టిస్తాను అన్నాడు ముదీర్.

కంట్రోల్, క్యూ, ఎఫ్. లింగయ్య అని కొట్టాను. తెర మీద మెరిసే గీత ఒక పేరు దగ్గర ఆగింది. నంబరు రాసిచ్చి మాస్కు వరస కోసం పరిగెత్తాను. ఇంకొక్కసారి రెండు మీటలు నొక్కడానికి ఎంతసేపు పడుతుంది? నాకు ఆ తీరిక లేకపోయింది. నా మాస్కు నాకు దక్కింది.

ఆ లింగయ్య ప్లంబరు. కబురు విని నేల మీద కూలబడిపోయాడు, ఏడుస్తూనే బస్సెక్కాడు. ఇల్లు చేరేసరికి ఆయన భార్య అరుగు మీద కూర్చుని నిక్షేపంగా బీడీలు చుడుతోందట. నాకేమైందని ఏడుస్తున్నావని ఆమె అడిగిందట. తర్వాత ఇది చాలాకాలం క్యాంపులో నవ్వుకునే కథ అయింది. నేనూ నవ్వేవాణ్ని, నవ్వకపోతే అనుమానం వస్తుందని.

ప్లంబరు అక్కడి నుంచి టెలిగ్రాం ఇచ్చేసరికి ఇక్కడ యుద్ధం మొదలైపోయింది, విమానాలు ఆగిపోయాయి. అప్పుడు జాబితాలో కిందికి వెళ్లి చూస్తే రెండో లింగయ్య ఉన్నాడు. హాయిల్‌లో గోధుమ పొలాల పంపుల దగ్గర పనిచేస్తున్నాడు. ఆయనకు కబురందినా కదిలే దారి లేదు. యుద్ధం ముగిసి విమానాలు తిరిగే నాటికి ఆయన భార్య పోయి నెల దాటింది. శుక్రవారం నాకు ఫోన్ చేసింది ఆ రెండో లింగయ్యే.

ముదీర్ మా ఇద్దరినీ నిలబెట్టి, నంబరు తీసిచ్చిందెవరు అని అరిచాడు. టెలిగ్రాం ఇచ్చింది నాకేనన్న సంగతి ఆ హడావిడిలో ఆయనకే గుర్తు లేదు. నేను నోరు తెరిచేలోపు టైపు సారు "అనా" అన్నారు. అరబ్బీలో నేను అని. ఫైలు తనదని, నంబరు తనే తీశానని హిందీలో మళ్లీ చెప్పారు. నేను నోరు తెరిచేవాణ్ని అని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. తెరిచేవాణ్ని కాదు. నాకు తెలుసు.

ఆయన్ని కంప్యూటర్ నుంచి తీసేసి దేశానికి దక్షిణం చివర జిజాన్ సైటులో స్టోరుకి పంపేశారు. కుర్చీ నాకిచ్చారు. వెళ్లేరోజు బస్సు దగ్గర నేను ఏదో అనబోతే చేయి అడ్డం పెట్టారు.

"నువ్వొచ్చి నాలుగు నెలలు గాలె. నిన్ను పంపితే ఇంటికే పంపుతరు, మల్ల రాలేవు. నన్నైతే జిజాన్ దాంక పంపుతరు, గంతే" అన్నారు.

"లింగయ్యకు నేనేం చెప్పను సార్?"

"ఉన్నది చెప్పు. నేను చెప్ప, అది నీ పని. ఇయ్యాల్నే అంటలేను. దైర్నం వచ్చిన్నాడు చెప్పు, నీ నోటితోని."

ఆయన నన్ను అడిగింది ఆ ఒక్కటే. నేను ఉద్యోగాలు మారాను, పైకొచ్చాను, నా కింద పదిమంది పనిచేశారు. కంప్యూటర్లూ మారాయి. ఆయన ఊరెళ్లిపోయి జిరాక్స్ షాపులో గల్ఫ్ వాళ్లకు ఫారాలు నింపుతూ ఉండేవారు. పండగలకు ఫోన్ చేస్తే, ఇప్పుడు దేవులాడటానికి ఏం నొక్కుతారని అడిగేవారు. కంట్రోల్, ఎఫ్ సార్ అంటే, "క్యూ తీసేసిన్రా, మంచిగైంది" అనేవారు. తర్వాత కాసేపు ఆగేవారు. ఆ ఆగడం దేనికో నాకు తెలుసు. నేను ఎండల గురించి ఎత్తుకునేవాణ్ని. ఆయన కూడా ఎండల గురించే మాట్లాడేవారు. ఒక్కసారి కూడా గుచ్చి అడగలేదు. అడిగి తిట్టి ఉంటే బాగుండేది.

ఆదివారం మూడొద్దులు, పోయిన మూడో రోజు పెట్టే కర్మ. పొద్దున లింగయ్య వీడియో కాల్ చేశాడు. పొలం గట్టు మీద ఆకులో అన్నం, కూర, పేపరు గ్లాసులో ఆయనకిష్టమైన చాయ్ పెట్టారు. కాకి వచ్చి చెట్టు మీద కూర్చుంది గాని దిగి ముట్టడం లేదు. కొడుకు మాటిచ్చాడు, బిడ్డ మాటిచ్చింది, తమ్ముడు దండం పెట్టాడు.

"ఎవల మీద పానం గుంజుతుందో ఏమో. నువ్వంటే ఆయినకు పావురం గద సారూ, మస్తు ప్రేమ, నువ్వొక మాట చెప్పు" అన్నాడు లింగయ్య.

కాకి అన్నం ముట్టడం మీద నాకు నమ్మకం ఉందో లేదో చెప్పలేను. ఆయన నన్ను అడిగింది ఏమిటో మాత్రం తెలుసు.

"లింగయ్యా, ఆ రోజు నంబరు తీసిచ్చింది సారు కాదు. నేను. మొదటి పేరు దగ్గరే ఆగిపోయాను. నన్ను కాపాడటానికి ఆయన మీద వేసుకున్నారు" అన్నాను.

తెర మీద లింగయ్య ఆకు వైపు ఒకసారి చూసి, మళ్లీ నా వైపు తిరిగాడు.

"జిజాన్ల మేం ఒక్క రూముల ఉన్నం సారూ" అన్నాడు. "హాయిల్ పని అయిపోయినంక నన్ను గాడికే ఏసిన్రు. రెండేండ్లు ఆయినతోని మాట్లాడలె. ఆయిన వండిన కూర ముట్టలె. రోజు నా పల్లెం కాడ పెట్టి పోతుండె. నేను తీస్కపోయి పారబోస్తుంటి."

క్షమించమని అడగాలనుంది గాని, ఎవరిని అడగాలో తెలియలేదు. నా మీద పడాల్సిన కోపాన్ని సారు రెండేళ్లు మోశారు. నాకు దక్కాల్సిన క్షమను కూడా లింగయ్య ఆయనకే ఇచ్చేశాడు.

లింగయ్య తిట్టలేదు. ఫోన్‌ను మెల్లగా నేల మీద, ఒక రాయికి ఆనించి, ఆకు వైపు తిప్పి పెట్టాడు.

"నాకు చెప్పినవు గద. ఇగ చెప్పిన అని ఆయినకు చెప్పు" అని గొంతు వినిపించింది.

"సార్, చెప్పాను" అన్నాను.

తెరలో ఆకు, అన్నం, పేపరు గ్లాసులో చాయ్. కాకి దిగడానికి చోటిస్తూ, లింగయ్య చెప్పులు లేని పాదాలు ఒక్కో అడుగే వెనక్కి జరుగుతున్నాయి.