వేళ్ళతో సహా అమ్మిన గరిక

చిక్కడపల్లి దుకాణాల్లో పుట్టి పెరిగినవాళ్ళలో, ఇంటి వెనక వాలును తూకానికి అమ్మిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడి, నాన్న కిరాణా కొట్లో కూర్చుని, బేరానికి లొంగని వస్తువు లోకంలో లేదని తేల్చుకున్న రోజులవి.

అశోక్‌నగర్‌లో మా పెరడు వెనకున్న నాలా కాలువ వైపు ఏటవాలుగా దిగేది. ఆ వాలు నడుమ, పేరు పెట్టకముందే పోయిన నా చెల్లెలు ఉంది. పసికందులను కాల్చరు, పూడుస్తారు. అక్కడి మట్టి కదలకూడదని అమ్మ ఆ ఏడే గరిక దుబ్బులు తెచ్చి వాలంతా గుచ్చింది. నాకు ఊహ తెలిసేసరికి అది దుప్పటిలా పరుచుకుని ఉంది.

నారాయణగూడ జట్కా గుర్రాలకు మేత వేసే మనిషి వచ్చి, కొడవలితో పైపైన కోసుకుపోతానన్నాడు. పైపైన కోస్తే తూకమేం వస్తుంది?

"వేర్లతోని తీయి భాయ్. రెండు దినాలు పచ్చిగుంటది."

"మట్టి గూడ తూకంల పెడ్తవా అన్నా? నా గుర్రం గడ్డి తింటది, జమీన్ తినదు."

"జర దులుపు. గట్టిగ దులపకు."

వెనక గుమ్మంలోంచి అమ్మ ఒకటే మాట అంది. "ఆడ ముట్టకు బిడ్డా."

ముట్టలేదు. చెల్లెలి మీద చాపంత గరిక ఉంచేసి, దాని చుట్టూ, వాలు పైభాగమంతా చెక్కించేశాను. అమ్మ మాటా నిలిచింది, సరుకూ అమ్ముడుపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తొలకరి మధ్యాహ్నం పడింది. పైనుంచి దిగిన నీరు బోడినేలను చారలుగా చీల్చింది. చారలు కాలువలై చాప అంచు కిందికి దూరాయి. అడుగు మట్టి జారిపోయినా గరిక కాసేపు వేళ్ళ మీద వేలాడింది. తర్వాత అదీ మడతపడి ఎర్రనీళ్ళలోకి దిగిపోయింది. నేను కొట్లోంచి గోనెసంచులు తెచ్చి పరిచి రాళ్ళు పెట్టాను. నీళ్ళు వాటి కిందనుంచీ వెళ్ళాయి.

"ఏందిరా, నాలాకు చీర కడుతున్నవా?" అంది పక్కింటి అత్త గోడ మీంచి. నా వెనక అమ్మను చూసి గోడ దిగిపోయింది.

అమ్మ ఏడవలేదు. నాలా వైపు చూస్తూ, "యాడికి పాయెరా?" అని అడిగింది, వీధిలోకి వెళ్ళిన పిల్ల గురించి అడిగినట్టు.

మర్నాడు నల్లకుంట ఖాళీ జాగాల్లో తిరిగి గరిక పీక్కొచ్చాను. ఈసారి పైనుంచి మొదలుపెట్టి, వాలుకు అడ్డంగా వరసలు గుచ్చాను. మధ్యలో రత్నపురిగడ్డ, అదే చిలగడదుంప, తీగలు పరిచాను. తీగ కణుపు కణుపుకూ వేరు దింపింది. దసరాకల్లా వాలు పచ్చబడింది. అయినా వాన పడితే ఇల్లంతా చెవులు రిక్కించేది. అన్నేళ్ళూ చెల్లెలి చోట పోస్తూ వచ్చిన బియ్యం కడుగునీళ్ళు పట్టుకుని అమ్మ పెరట్లోకి వెళ్ళి, ఎక్కడ పోయాలో తెలియక, ఒక్కోరోజు గిన్నెతోనే తిరిగొచ్చేది.

లెక్క నిజంగా వేస్తే ఇంతే. వచ్చిన రూపాయలు సినిమాలకు, ఇరానీ చాయ్‌కి అయిపోయాయి. మళ్ళీ నాటిన గరిక మట్టి కోతను ఆపి ఇంటి గోడను కాపాడింది, అది నా ఖాతాలో జమ. చెల్లెలి చోటు పోయింది. దానికి ఎదురు రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.